బిలం అంచున నిలబడి

(చంద్రపూర్‌లో జరిగిన మన ట్రస్టు ఉపకార వేతనాల ప్రదాన సభలో ఒక విశ్రాంత భూగోళ ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, "అమ్మా, మీరు ఆఫ్రికా వెళ్లి వచ్చారు కదా, ఆ విశేషాలు పిల్లలకు చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. సరేనన్నాను. కాని ఆ ప్రయాణం గురించి చెప్పడం మొదలుపెడితే అది మళ్లీ మన చంద్రపూర్‌కే వచ్చి ఆగుతుంది. ఎందుకో చివర చెబుతాను. కాస్త ఓపిక పట్టండి.

మా నాన్నగారు కరీంనగర్ జిల్లా నుండి బతుకుతెరువు కోసం ఇటు వచ్చి బొగ్గు బావిలో కోల్ ఫిల్లర్‌గా చేరారు. ఇక్కడ కూర్చున్న వారిలో చాలామంది కథ ఇదే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. అలాగే చదివి నేను టీచర్నయ్యాను. ముప్పై ఒక్క ఏళ్లు భూగోళం చెప్పాను. ఆఫ్రికా పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఒక కొండ గీసి, దాని నెత్తిన చిన్న గుంట పెట్టి, "ఇది అగ్నిపర్వత బిలం, ఇందులో సింహాలు, ఏనుగులు, జిరాఫీలు ఉంటాయి" అని చెప్పేదాన్ని. ఆ బొమ్మ తప్పని నాకు అరవై రెండో ఏట తెలిసింది.

మా అబ్బాయి టాంజానియా దేశంలో దార్ ఎస్ సలాం పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 ఫిబ్రవరిలో నన్ను రమ్మన్నాడు. పాస్‌పోర్టు తీసుకుని, పసుపు జ్వరం టీకా వేయించుకుని బయలుదేరాను. చంద్రపూర్ మే నెల ఎండ ఎరిగినదాన్ని, భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరంలో ఉన్న చోటికి పోతున్నాను కదా అని స్వెట్టర్ తీసుకుపోలేదు. అక్షాంశం ఒక్కటే చూసి ఎత్తు చూడకపోతే ఏమవుతుందో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పినదాన్నే! బిలం అంచు సముద్ర మట్టానికి సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. తెల్లవారుజామున పొగమంచు, ఎముకలు కొరికే చలి. కోడలి శాలువా కప్పుకుని వణుకుతూ నిలబడ్డాను.

ఆ చోటి పేరు న్గోరోన్గోరో. పలకడానికి మనకు కొంచెం కష్టమే. అక్కడి మసాయి పశువుల కాపరులు ఆవుల మెడలో కట్టే గంటల చప్పుడును బట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. న్గోరో, న్గోరో అని మోగుతుందట గంట. మన పల్లెల్లో సాయంత్రం పశువులు ఇంటికి వచ్చే వేళ వినబడే చప్పుడు గుర్తు చేసుకోండి, పేరు దానంతట అదే నోటికి వస్తుంది.

అరూషా పట్టణం నుండి సుమారు 180 కిలోమీటర్లు. చివర దట్టమైన అడవిలో ఘాటు రోడ్డు. పైకి చేరాక మంచు విడిపోయింది, కింద కనిపించింది. కొండ నెత్తిన గుంట అనుకున్నాను కదా! ఒక జిల్లాలో తాలూకా అంత మైదానం, చుట్టూ ఆరు వందల మీటర్ల ఎత్తు గోడ. లోపలి నేల సుమారు 260 చదరపు కిలోమీటర్లు. ఒక మూల అడవి, ఒక పక్క ఉప్పు సరస్సు, మిగతాదంతా గడ్డి. జంతువులు కంటికి చీమల బారుల్లా ఉన్నాయి.

ఇది ఎలా ఏర్పడిందో చెబుతాను. బొగ్గు బావుల్లో పని చేసే తండ్రుల పిల్లలకు ఇది సులువుగా అర్థమవుతుంది. భూమి లోపల బొగ్గు తీసేసిన చోట ఇసుక నింపకుండా వదిలేస్తే ఏమవుతుంది? పైన నేల కుంగుతుంది. న్గోరోన్గోరోలోనూ అంతే. అది ఒకప్పుడు పెద్ద అగ్నిపర్వతం. లోపలి శిలాద్రవం బయటికి వచ్చేశాక కింద చోటు ఖాళీ అయింది. పైన ఉన్న శిఖరం తన బరువుకు తానే లోపలికి కూలిపోయింది. ఇది జరిగి ఇరవై లక్షల ఏళ్లు దాటింది. ఇలా కూలి ఏర్పడిన దానిని కాల్డెరా అంటారు. గోడలు ఎక్కడా తెగకుండా, నీటితో నిండిపోకుండా మిగిలిన కాల్డెరాలలో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదే.

మన మహారాష్ట్రలో కూడా ఒక గుండ్రని బిలం ఉంది, బుల్ఢాణా జిల్లాలో లోణార్ సరస్సు. అది కూడా అగ్నిపర్వతమేనని చాలామంది అనుకుంటారు. కాదు. అది ఆకాశం నుండి ఉల్క పడి ఏర్పడింది. అయితే అది పడిన రాయి మాత్రం అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన దక్కన్ నల్లరాయి. దాని వెడల్పు రెండు కిలోమీటర్ల లోపే. 2000 సంవత్సరంలో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు, 2020లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. పరీక్షలో లోణార్ అని వస్తే "అగ్నిపర్వతం" అని రాయకండి, మార్కు పోతుంది.

ఇక లోపలికి దిగిన సంగతి. పై కప్పు లేచే జీపులో ఏటవాలు రోడ్డున దిగాం. వందల కొద్దీ విల్డెబీస్టులు, జీబ్రాలు మన ఊళ్లో మందల్లాగా రోడ్డు దాటుతుంటే బండ్లు ఆగి దారి ఇస్తున్నాయి. ఒక సింహం ఎండకు తాళలేక మా బండి నీడలోకే వచ్చి పడుకుంది. దాని ఊపిరి చప్పుడు నాకు వినపడింది. దూరంగా నల్ల ఖడ్గమృగం ఒకటి దుర్భిణిలో కనిపించింది. ఉప్పు సరస్సు అంచున ఫ్లెమింగో పక్షులు. మధ్యాహ్నం భోజనానికి దిగనిచ్చిన చోట కోడలు కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పానో లేదో, ఒక గద్ద వచ్చి చేతిలోంచి తన్నుకుపోయింది. మా మనవడు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

జిరాఫీ మాత్రం ఒక్కటీ లేదు. "ఎక్కడ?" అని అడిగితే మా డ్రైవరు నవ్వాడు. గోడలు నిటారుగా ఉండటం వల్ల, అవి మేసే చెట్లు లోపల తక్కువ కావడం వల్ల జిరాఫీలు బిలంలోకి దిగవట. నేను ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు తప్పు చెప్పానన్నమాట. ఈ సభలో నా పాత విద్యార్థులు ఎవరైనా ఉంటే దిద్దుకోండి.

ఆ గోడ జిరాఫీలనే కాదు, సింహాలను కూడా వేరు చేస్తుంది. 1962లో వానలు ఎక్కువై కొరికే ఈగలు విపరీతంగా పెరిగాయి. వాటి కాటుకు సింహాలు పుండ్లు పడి, వేటాడలేక చనిపోయాయి. చివరికి సుమారు పది మాత్రమే మిగిలాయి. తర్వాత మళ్లీ పెరిగాయి కాని, బయటి నుండి వచ్చినవి చాలా తక్కువ. దగ్గరి రక్తంలోనే సంతానం కలిగి వాటి జాతి ఆరోగ్యం దెబ్బ తిన్నదని శాస్త్రవేత్తలు గుర్తించారు. జంతువులకు చోటు ఉంటే సరిపోదు, రాకపోకలకు దారి కూడా ఉండాలి.

మన దగ్గర ఆ దారి ఇంకా కొంత ఉంది. తాడోబా వైపు పులులు నదులు దాటి తెలంగాణలోని కాగజ్‌నగర్ అడవులకు పోతున్నాయి. అటు కవ్వాల్ పులుల అభయారణ్యం 2012లో ఏర్పడింది. మన తాతలు బతుకు కోసం అటు నుండి ఇటు వచ్చారు. పులులు బతుకు కోసం ఇటు నుండి అటు పోతున్నాయి. మధ్యలో రోడ్లు, కాలువలు, గనులు. వాటికి దారి మూసుకుపోతే మన అడవి కూడా ఒక బిలం అవుతుంది.

మా డ్రైవరు మసాయి కుటుంబంలో పుట్టినవాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. ఏదో సంస్థ ఇచ్చిన ఉపకార వేతనంతో చదువుకున్నాడు, ఇంగ్లీషు చక్కగా మాట్లాడతాడు. బిలం అంచున ఒక రాతి స్మారకం చూపించాడు. జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ గ్రిమెక్, ఆయన కొడుకు మైకేల్ కలిసి విమానంలో తిరుగుతూ ఈ ప్రాంతపు జంతువులను లెక్కపెట్టారు. 1959 జనవరిలో ఒక రాబందు తగిలి విమానం కూలి మైకేల్ చనిపోయాడు. అతణ్ణి అక్కడే ఖననం చేశారు. ఆ తండ్రి తర్వాత కూడా ఆ పని మానలేదు.

అదే 1959లో మసాయిలను పక్కనున్న సెరెంగెటి నుండి ఖాళీ చేయించి, న్గోరోన్గోరో ప్రాంతంలో పశువులు మేపుకుంటూ జంతువులతో పాటు ఉండవచ్చన్నారు. సుమారు 8,300 చదరపు కిలోమీటర్ల ప్రాంతమది. 1979లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1970ల మధ్యలో బిలం లోపలి ఇళ్లను తీసివేయించారు. 2022 నుండి ప్రభుత్వం అక్కడివారిని చాలా దూరంలోని మ్సోమేరా అనే ఊరికి తరలిస్తోంది. జనం, పశువులు పెరిగిపోయాయని, ఇష్టపడి వెళ్లేవారికే ఇళ్లు, భూమి ఇస్తున్నామని ప్రభుత్వం మాట. బడులు, ఆసుపత్రులు తగ్గించి వెళ్లక తప్పని స్థితి తెచ్చారని అక్కడి చాలామంది మాట.

డ్రైవరు ఇవన్నీ కోపం లేకుండా చెప్పాడు. చివర, "మా నాన్న ఈ బిలంలో పుట్టాడమ్మా. నేను రోజూ ఇక్కడికి వస్తాను, సాయంత్రం ఆరు లోపు బయటికి పోవాలి" అన్నాడు. కాసేపాగి, "మీ ఊరి దగ్గర పులులున్నాయని మీ అబ్బాయి చెప్పాడు. మీ పులుల సంగతి చెప్పండి" అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. తాడోబా మోహర్లీ గేటు మన ఊరి నుండి ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు. 1955లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనం, మహారాష్ట్రలో అన్నింటికంటే పాతది. 1995లో అంధారీతో కలిపి పులుల అభయారణ్యం అయింది. ఇవన్నీ పాఠంలో చెప్పాను. సముద్రం దాటి సింహాన్ని చూడటానికి వెళ్లిన నేను తాడోబా గేటు ఒక్కసారి కూడా దాటలేదు. వీలు కాక కాదు. దానికొక కారణం ఉంది. నలుగురిలో ఇంతవరకు చెప్పలేదు, ఈ రోజు చెబుతాను.

1994లో నా ఎనిమిదో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పేరు చెప్పను. అడవిలోని ఊరి నుండి వచ్చి హాస్టల్‌లో ఉండి చదివేవాడు. గోండు బిడ్డ. మ్యాపు గీయడంలో క్లాసులో వాడికి సాటి లేరు. నదులను చేత్తో ఒక్క గీతలో గీసేవాడు. ఆ వేసవిలో వాళ్లమ్మ ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే అడవికి పోయింది. పులి చంపేసింది. వాడు ఊరికి వెళ్లాడు, పదో రోజు తిరిగి వచ్చాడు. పరీక్షలు రాశాడు, భూగోళంలో కూడా తప్పాడు. జులైలో బడి తెరిచాక రాలేదు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు ఉన్నారని విన్నాను.

వరుసగా ఇన్ని రోజులు రాకపోతే హాజరు పట్టీలో పేరు కొట్టేయాలని నియమం. ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేసింది నేనే. వాళ్ల ఊరికి బస్సు ఉంది. ఒక ఆదివారం వెళ్లి, "నాన్నా, రా" అని పిలవవలసింది. వెళ్లలేదు. మా అబ్బాయి చిన్నవాడు, ఇంట్లో అత్తగారికి ఒంట్లో బాగాలేదు, అడవి అంటే భయం. కారణాలు చాలా ఉన్నాయి. ఏదీ నిలబడేది కాదు. ఆ తర్వాత తాడోబా అన్న మాట వింటే నాకు ఆ ఎర్ర గీతే కనబడేది. నేను పులి మీద కోపం అనుకున్నాను. అది నా మీద కోపమని ఆ బిలం అంచున తెలిసింది.

తిరిగి వచ్చాక అదే సంవత్సరం నవంబరులో మోహర్లీ గేటు నుండి తాడోబా వెళ్లాను. మా జిప్సీకి గైడ్‌గా వచ్చింది పక్క ఊరి అమ్మాయి. చదివింది పన్నెండో తరగతి, కాని అడవి పుస్తకాన్ని కంఠతా పట్టింది. అడుగు జాడ చూపి ఆడపులిదని చెప్పింది, దుప్పి అరుపు విని ఎటు చూడాలో చెప్పింది. అడవిదున్నలు, రేచుకుక్కల గుంపు కనిపించాయి. పులి మాత్రం కనిపించలేదు. తాడోబా చెరువు గట్టున పెద్ద చెట్టు కింద తారు దేవుడి గద్దె ఉంది. పులితో పోరాడి చనిపోయిన గోండు నాయకుడే ఆ దేవుడని, పుష్య మాసంలో అక్కడ జాతర జరుగుతుందని ఆ అమ్మాయి చెప్పింది. పులితో కలిసి బతికిన జనం పులి చంపిన మనిషికి దేవుడి స్థానం ఇచ్చారు. మనం ఒక హాజరు పట్టీలో కూడా చోటు ఇవ్వలేకపోయాం.

ఆ పిల్లవాడి ఊరి పేరు చెప్పి అడిగాను. ఆ ఊరు ఇప్పుడు అక్కడ లేదంది. పులుల కోసం లోపలి ఊళ్లు కొన్నింటిని ఒక్కొక్కటిగా బయటికి తరలించారు కదా, అందులో అదీ ఒకటి. కొత్త ఊరికి కూడా వెళ్లాను. వాళ్ల కుటుంబం ఎటో కూలికి పోయిందన్నారు. ఇప్పటికీ దొరకలేదు. వాడికి నలభై ఐదేళ్లు దాటి ఉంటాయి.

ఇది పాత కథ కాదు. 2022 గణనలో తాడోబాలో పులులు వందకు కొంచెం తక్కువగా తేలాయి. అభయారణ్యం బయట కూడా చాలా ఉన్నాయి. అది మనకు గర్వకారణమే. కాని 2025 మే 10న మన జిల్లా సిందేవాహి తాలూకాలో తునికాకు కోయడానికి వెళ్లిన ముగ్గురు స్త్రీలు ఒకే రోజు పులి దాడిలో చనిపోయారు. ఆ జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఇలాంటి ఇళ్ల పిల్లల పేర్లు ఎన్ని పట్టీల్లో ఉన్నాయి, ఎన్ని కొట్టేశారు? పులిని చూడటానికి దేశదేశాల నుండి మనుషులు వస్తున్నారు. దాని ఖర్చులో పెద్ద భాగం అడవి అంచున ఉన్న ఇళ్లు భరిస్తున్నాయి. పులి వద్దని నేను అనను. ఆ ఖర్చులో మన వంతు ఎంత అని అడుగుతున్నాను.

అందుకే ట్రస్టు పెద్దలకు ఒక మనవి. మన దరఖాస్తు ఫారం చూశాను. డెబ్బై ఐదు శాతం మార్కులు ఉండాలి, మన సమాజం వారై ఉండాలి. మార్కులు ఎన్నో రాయడానికి గడి ఉంది, ఎందుకు తగ్గాయో రాయడానికి గడి లేదు. 1994లో ఆ పిల్లవాడు మన ఫారం నింపి ఉంటే రెండు నియమాల దగ్గరా ఆగిపోయేవాడు. నియమం పెట్టిన వారిని తప్పు పట్టడం లేదు. పావలా, రూపాయి పోగు చేసి ఈ ట్రస్టును నిలబెట్టిన పెద్దలు మన పిల్లల కోసమే పెట్టారు. ఆ డబ్బు పవిత్రమైనది. అందులో చేయి పెట్టమని అడగను.

నా మూడు నెలల పింఛను ఈ రోజు వేరుగా ఇస్తున్నాను. దానితో రెండు ఉపకార వేతనాలు మొదలుపెట్టండి. ఒకటి, తల్లినో తండ్రినో పోగొట్టుకుని మార్కులు తగ్గిన మన పిల్లలకు. గనిలో పోయినా, రోడ్డు మీద పోయినా, జబ్బుతో పోయినా సరే. రెండోది, అడవి జంతువు వల్ల ఇంటి మనిషిని పోగొట్టుకున్న ఈ జిల్లా పిల్లలకు, ఏ భాష వారైనా, ఏ కులం వారైనా. దీనికి సర్వసభ్య సమావేశంలో తీర్మానం కావాలని తెలుసు. కొందరికి ఇష్టం ఉండదనీ తెలుసు. ఈ గాలి, ఈ నీరు, ఈ నేల మనల్ని "మీరు ఎవరు?" అని అడగకుండానే బతకనిచ్చాయి. మా నాన్నగారి మొదటి రాత్రి ఈ ఊళ్లో ఒక గోండు కుటుంబం వరండాలో గడిచిందని ఆయన చెప్పేవారు. ఆ బాకీ ఇంకా నా పేరు మీదే ఉంది.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలను ఒక్కసారి తాడోబాకు తీసుకుపోండి. కోర్ గేట్లు వానాకాలంలో మూసి ఉంటాయి, మంగళవారం సెలవు. పులి కనిపించకపోతే డబ్బు వృథా అనుకోకండి. గైడ్‌తో మాట్లాడనివ్వండి. గైడు, ఫారెస్టు గార్డు, పశువుల డాక్టరు, భూగర్భ శాస్త్రవేత్త, ఇవి కూడా ఉద్యోగాలే. ఇంజినీరింగు ఒక్కటే చదువు కాదు.

పిల్లలూ, మీకు చివరగా. మీ తరగతిలో నాలుగు రోజులుగా ఖాళీగా ఉన్న చోటు ఏదైనా ఉందా? టీచరు పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకని పేరు ఉందా? ఉంటే ఈ ఆదివారం ఇద్దరు కలిసి వాళ్లింటికి వెళ్లండి. మంచినీళ్లు తాగి, నోట్సు ఇచ్చి రండి. పెద్ద పనేమీ కాదు, బస్సు చార్జీ అంత పని. నేను ఆ పని చేయలేదు. మీరు చేయండి.